ప్రళయ కథ - రాతి సాక్ష్యం

పురాణాలను విమర్శించడంలో మన అభ్యుదయ సాహిత్యం వెనుకబడిందని ఎవరూ అనలేరు. అయితే ఆ విమర్శలో శాస్త్రీయత ఎంత, కేవల తిరస్కారం ఎంత అన్న ప్రశ్నను మనం ఎన్నడూ గట్టిగా వేసుకోలేదు. ఈ ప్రశ్న నాకు ఏ మహాసభలోనూ తట్టలేదు. నారాయణఖేడ్ దగ్గర బోరంచలో, ఒక ఇంటి అరుగు మీద, అరచేతిలో పట్టే రాతిముక్క ముందు కూర్చున్నప్పుడు తట్టింది.

ఆ ఊళ్లో నా పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. వాళ్ల చేనులో బావి లోతు చేయిస్తుంటే, పైకి తోడిపోసిన రాళ్లలో నత్తగుల్ల అచ్చుపడినట్టున్న రాయి ఒకటి దొరికింది. నేను వెళ్లిన నాటి సాయంకాలం అక్కడ భాగవత ప్రవచనం జరుగుతున్నది. ప్రవచనకారుడు మత్స్యావతార ఘట్టం చెపుతూ ఆ రాయిని నలుగురికీ చూపించాడు. "ఈడ సముద్రమున్నదా? లేదు గద. మరి గీ గుల్ల యాడికెల్లి వచ్చె? మంజీర పక్కన మన ఊరు గూడ ఒకనాడు మునిగిందే" అన్నాడు. నా విద్యార్థి ఊరుకోలేక, ఇవన్నీ కట్టుకథలనీ డార్విన్ ఎప్పుడో తేల్చేశాడనీ అన్నాడు. డార్విన్ ఏం తేల్చిండని ఒక పెద్దాయన అడిగితే, కోతి నుంచి మనిషి వచ్చాడన్నాడు. జనం నవ్వారు. అప్పుడొక విశ్రాంత ఉపాధ్యాయుడు లేచి ఇద్దరికీ రాజీ కుదిర్చాడు: మొదట చేప, తర్వాత తాబేలు, తర్వాత పంది, తర్వాత సగం మనిషి, దశావతారాలంటేనే డార్విన్ సిద్ధాంతం, మనవాళ్లు ముందే చెప్పారు. అందరూ తృప్తిగా తలలూపారు.

"అది సరే, గీ గుల్ల సంగతేంది సారూ?" అని పెద్దాయన నావైపు తిరిగాడు. నేనేదో చెప్పి తప్పించుకున్నాను. పరిణామవాదం మీద కళాశాలలో గంటసేపు మాట్లాడగలవాణ్ణి, ఒక గుల్లకు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు ప్రవచనకారుడి కథను చూద్దాం. ఇది నాకు కొంత తెలిసిన రంగం. జలప్రళయ కథ మన వాఙ్మయంలో మొదట స్పష్టంగా కనబడేది శతపథ బ్రాహ్మణంలో. మనువు పొద్దున్నే చేతులు కడుక్కుంటుంటే ఒక చిన్నచేప చేతిలో పడుతుంది. నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతానంటుంది. చిన్నచేపలను పెద్దచేపలు మింగుతాయన్నది దాని భయం. అక్కడ ఆ చేప ఏ దేవుడి అవతారమూ కాదు. మనువు వెంట ఋషులు లేరు, విత్తనాలు లేవు, జంతువులు లేవు. ప్రళయం తగ్గాక మనువు నేయీ పెరుగూ నీళ్లలో వేల్చగా ఇడ అనే స్త్రీ పుడుతుంది. యజ్ఞంలో ఇడ అనే హవిర్భాగం ఎందుకున్నదో చెప్పడానికి ఆ కథ అక్కడ చేరింది. అంటే కథకు ప్రాణం వరద కాదు, క్రతువు.

భారతంలో అరణ్యపర్వానికి వచ్చేసరికి చేప తాను బ్రహ్మనంటుంది. ఓడలోకి సప్తర్షులు వచ్చారు, విత్తనాలూ వచ్చాయి. మత్స్యపురాణానికి వస్తే చేప విష్ణువైంది. భాగవతం ఎనిమిదో స్కంధంలో మనువు స్థానంలో సత్యవ్రతుడనే ద్రవిడరాజు నిలబడ్డాడు. హిమాలయం వైపు సాగిన కథ కృతమాలా నది ఒడ్డుకు, దక్షిణదేశానికి దిగివచ్చింది. వేదాలను దొంగిలించిన హయగ్రీవుడు చేరాడు. ఓషధులూ విత్తులూ సకల ప్రాణులూ ఓడ ఎక్కాయి. పోతన తెలుగు చేసింది ఈ చివరి రూపాన్ని. బోరంచలో ప్రవచనకారుడు దాన్ని మంజీర ఒడ్డుకు తెచ్చాడంటే పురాణ సంప్రదాయంలో అది తప్పేమీ కాదు. అతని ముందువాళ్లు చేసిన పనినే అతనూ చేశాడు.

పాఠకులు ఒక్క విషయం గమనించాలి. ఈ రూపాలలో ఏది ముందు, ఏది వెనుక అని మనం ఎలా నిర్ణయిస్తున్నాం? ఏ గ్రంథంలో ఏ అంశం ఉన్నది, ఏది లేదు, ఏ భాష ఏ కాలానిది అన్న వరుసను బట్టి. శతపథంలోని ఈ కథలో విష్ణువు పేరు లేకపోవడం మనకొక సాక్ష్యం. తాళపత్రాల్లో ప్రక్షిప్తాన్ని పట్టుకునేదీ ఇలాగే. ఒక పద్యాన్ని దాని గ్రంథంలోంచి చింపి చేతికిస్తే ఎంతటి పండితుడైనా దాని కాలాన్ని తడబడుతూ చెపుతాడు. మన కథే కాదు, 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జి స్మిత్ చదివిన మట్టిపలకల వల్ల బైబిలులోని నోవా కథకు వెనుక బాబిలోనియా కథ ఉన్నదని తేలింది. అంతవరకూ దైవవాక్యమనుకున్న కథకు కూడా పొరలున్నాయి.

రాతి విషయంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు చేసేదీ ఈ పనే. శిలాజం ఒంటరిగా మూగది; అది ఏ పొరలో, ఏ పొరకు పైన, ఏ పొరకు కింద, వేటితో కలిసి దొరికింది అన్నదే మాట్లాడుతుంది. బోరంచ సభలో ముగ్గురమూ చేసిన తప్పు, రాయిని చేతిలో పట్టుకుని అది ఎక్కడిదో అడగకుండానే ఏమిటో చెప్పబోవడం.

ఇక నేల సంగతి. నారాయణఖేడ్ ప్రాంతం దక్కను నల్లరాతి మీద కూర్చున్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాడు భూమి పగుళ్లలోంచి ఉబికి పరుచుకున్న లావా అది. మన నల్లరేగడి ఆ రాయి కుళ్లగా వచ్చిన మట్టి. ఆ లావా ఒక్కసారిగా పొంగి ఊరుకోలేదు. ఒక ప్రవాహం వచ్చి చల్లబడేది. దాని మీది రాయి శిథిలమై మట్టి అయ్యేది, గుంటల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యేవి, వాటిలో నత్తలు పాకేవి, ఒడ్డున చెట్లు పెరిగేవి. తర్వాత మరో ప్రవాహం వచ్చి వాటన్నిటినీ కప్పేసేది. రెండు నల్లరాతి వరుసల మధ్య సన్నని సుద్దపొరలుగా ఆ చెరువులు నేటికీ మిగిలి ఉన్నాయి. అలాంటి పొరల్లో తరచుగా కనబడే గుల్ల, శాస్త్రజ్ఞులు చిరకాలంగా ఫైసా అని పిలుస్తూ వచ్చిన మంచినీటి నత్తది. సముద్రంతో దానికి సంబంధం లేదు.

ఇలాంటి పొరే వికారాబాదు ప్రాంతంలో నస్కల్ దగ్గర ఉన్నది. ఆ మట్టిని కడిగి జల్లెడ పడితే చేపల, కప్పల, మొసళ్ల అవశేషాలతో పాటు ఆవగింజంత పళ్లు దొరికాయి. చుంచెలుకంత జంతువు పళ్లవి. 1988లో ప్రసాద్, సాహ్ని అనే శాస్త్రజ్ఞులు దానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగపు స్తన్యజీవి దొరకడం అదే మొదలు. రాక్షసిబల్లుల కాలం ముగుస్తున్న రోజుల్లో, లావా ప్రవాహాల నడుమ, మన నేల మీద తిరిగిన ప్రాణి! ఈ సంగతి తెలిసిన తెలుగు కవి ఎంతమంది ఉన్నారో నాకు సందేహమే.

ఇదే దక్కను లావా తూర్పున రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లో తిరిగి కనబడుతుంది. అక్కడ ప్రవాహాల మధ్య పొరల్లో ఉప్పునీటి గుల్లలున్నాయి. అంటే నాడు తీరం అక్కడ ఉన్నది, చెరువులు ఇక్కడ ఉన్నాయి. లోకమంతా ఒకే నీటిలో మునిగి ఉంటే ఉప్పునీటి గుల్లలను తూర్పుకూ, మంచినీటి నత్తలను పడమరకూ ఏరిపెట్టింది ఎవరు? మునిగిన నేల మీద, రెండు లావాల నడుమ, చెరువు ఏర్పడి నత్త పిల్లలు పెట్టి పెరగడానికి వ్యవధి ఎక్కడిది?

ప్రళయవాదులు దీనికి జవాబులు చెప్పకపోలేదు. 1961లో అమెరికాలో విట్‌కంబ్ అనే మతశాస్త్ర పండితుడూ మారిస్ అనే జలశాస్త్ర ఇంజనీరూ కలిసి నోవా ప్రళయం మీద పెద్ద గ్రంథం రాశారు. నేటికీ ఆ వాదానికి అదే మూలం. వారనేది: సముద్రం అడుగు జీవులు ముందు పూడుకుపోయాయి, నెమ్మదిగా నడిచేవి తర్వాత, పరుగెత్తగలవి కొండలెక్కి చివరకు మునిగాయి, అందుకే పొరల్లో ఆ వరుస కనబడుతున్నది. వినడానికి ఇంపుగానే ఉన్నది. దీన్ని మన గోదావరి లోయలో పెట్టి పరీక్షిద్దాం.

అక్కడ కింద సింగరేణి బొగ్గు పొరలున్నాయి, రమారమి 28 కోట్ల సంవత్సరాల నాటివి. వాటిలో గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు దొరుకుతాయి. వాటికి పైన, పాత ఆదిలాబాదు జిల్లాలో మలేరి పొరలు. అక్కడ రింకోసార్ అనే ముక్కుకోసు సరీసృపం ఎముకలు దొరికాయి. 1881లో లైడెక్కర్ దానికి హక్స్‌లీ పేరు పెట్టాడు. డార్విన్ పక్షాన వాదించిన ఆ హక్స్‌లీయే. ఇంకా పైన కోటా పొరలు. ప్రాణహిత ఒడ్డున, తెలుగు మాట్లాడే సిరొంచ సీమలో, పోచంపల్లి దగ్గర కలకత్తా భారత గణాంక సంస్థవారు తవ్విన బరపాసారస్ అక్కడిది. వంగభాషలో 'బర పా' అంటే పెద్దకాలు. రవీంద్రుని శతజయంతి సంవత్సరం 1961 జ్ఞాపకంగా దానికి టాగోరై అని చేర్చారు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌కు 1988లో యాదగిరి నామకరణం చేశారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టారు. మలేరి రింకోసార్ కోటా పొరల్లో లేదు. కోటా పొడుగుమెడ రాక్షసిబల్లి బొగ్గుపొరలో లేదు.

ఇప్పుడు చెట్లను తీసుకుందాం. దక్కను లావాల నడిమి పొరల్లో తాటిజాతి చెట్ల కాండాలు రాళ్లయి దొరుకుతాయి, పూచే మొక్కల అవశేషాలెన్నో ఉన్నాయి. సింగరేణి బొగ్గులో పూచే మొక్క ఒక్కటీ లేదు. వరద వస్తుంటే గ్లోసాప్టెరిస్ నిలబడి మునిగిందనీ, తాటిచెట్టు కొండకు పరుగెత్తిందనీ చెప్పాలా? జంతువుల పరుగుపందెంతో పుట్టిన వాదం చెట్టు దగ్గర ఆగిపోతున్నది.

మరొక సంగతి మన యువకులు తెలుసుకోవాలి. ప్రళయవాదాన్ని భూగర్భ శాస్త్రం నుంచి మొదట వెళ్లగొట్టింది నాస్తికులు కారు. ఆక్స్‌ఫర్డులో బక్లండ్ మతాచార్యుడు. 1823లో గుహల్లోని ఎముకలు ప్రళయానికి సాక్ష్యమని గ్రంథం రాసినవాడే 1836 నాటికి ఆ మాట వదులుకున్నాడు. కేంబ్రిడ్జిలో సెడ్జ్‌విక్ కూడా మతాచార్యుడే. 1831లో లండన్ భూగర్భశాస్త్ర సంఘాధ్యక్షుడిగా తన పొరపాటును సభాముఖంగా ఒప్పుకున్నాడు. డార్విన్ గ్రంథం వచ్చింది 1859లో. కోటా చేపల శిలాజాలను లోకానికి తెలిపినవాళ్లలో ఒకడైన స్టీఫెన్ హిస్లోప్ నాగపూరులో క్రైస్తవ ప్రచారకుడు. తోటి ప్రచారకుడు హంటర్‌తో కలిసి 1855లో నాగపూరు ప్రాంతపు పొరలను వరుసగా వర్ణించాడు. రాయి చెప్పినదాన్ని రాయడానికి అతని విశ్వాసం అడ్డురాలేదు. 1863లో పొంగుతున్న వాగు దాటబోయి మునిగిపోయాడు. నస్కల్ జీవికి ఉన్నది ఆయన పేరే.

మతవిశ్వాసికి సత్యం కనబడదని సూత్రం వల్లించే మనవాళ్లకు ఈ చరిత్ర కొంచెం ఇబ్బందికరమే. ఉండనీండి.

ఇక మూడోవాడు, రాజీ కుదిర్చిన ఉపాధ్యాయుడు. ముగ్గురిలోనూ నేను ఎక్కువ భయపడేది ఈయనకే. ప్రళయవాది శాస్త్రాన్ని కాదంటున్నాడు, అతనితో వాదించవచ్చు. ఈయన అవునంటూనే దాన్ని మాయం చేస్తున్నాడు. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో సాక్షాత్తు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడే డార్విన్ కంటె దశావతారాలు మేలైన సిద్ధాంతమని ఉపన్యసించాక, బోరంచ ఉపాధ్యాయుణ్ణి ఏమనగలం?

ఈ పోలిక ప్రాచీన విజ్ఞానం ఎంతమాత్రం కాదు. 1877లో బ్లావట్‌స్కీ, 1882లో కేశవచంద్రసేను, ఇద్దరూ డార్విన్ తర్వాతివారే. సిద్ధాంతం పడమటి నుంచి వచ్చాక పురాణంలో దానికి చోటు వెతికారు. వలస పాలనలో అవమానపడిన జాతి చేసుకున్న సమాధానం అది. ఆ అవమానాన్ని నేను చులకన చేయను. కాని పాఠాన్ని ఒకసారి విప్పి చూడాలి గదా! భాగవతం మొదటి స్కంధంలోనే అవతారాల పట్టిక ఉన్నది. ఇరవై రెండు లెక్కించింది. అందులో మొదట వచ్చేవారు సనకాది కుమారులు, మనిషి రూపంలోని మునులు. రెండోది వరాహం. చేప వంతు పదోది, తాబేలుది పదకొండోది. నరసింహుడు పద్నాలుగు. కపిలుడూ దత్తాత్రేయుడూ పృథువూ చేపకంటె ముందే వచ్చారు. భాగవతమే డార్విన్ సిద్ధాంతమైతే మునీశ్వరుల నుంచి చేప పుట్టిందని ఒప్పుకోవాలి. పది పేర్లను వరుసపెట్టినవాళ్లు భక్తి కోసం పెట్టారు. వారి తల మీద మనం జీవశాస్త్రం పెట్టి, వాళ్ల కవిత్వాన్నీ చెడగొట్టాం, శాస్త్రాన్నీ చెడగొట్టాం.

పైగా పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు వేసే చెట్టు. చేప మనిషి కావడానికి తహతహలాడలేదు. నస్కల్ పొరలోని కప్ప అసంపూర్తి మనిషి కాదు, ఆ చెరువుకు సరిపోయిన సంపూర్ణమైన కప్ప. అవతారంలో పైనుంచి ఒకడు సంకల్పించి దిగుతాడు. పరిణామంలో పుట్టుకతో వచ్చే చిన్నచిన్న తేడాలలో పరిస్థితికి నిలిచినవి మిగులుతాయి, సంకల్పించేవాడు లేడు. నరసింహుడు స్తంభంలోంచి ఒక్క క్షణంలో వెలువడ్డాడు. ఆ ఘట్టం బలమంతా ఆ క్షణంలోనే ఉన్నది. దాన్ని లక్షల ఏళ్ల పరివర్తనకు గుర్తుగా చదివే విమర్శకుడికి ప్రహ్లాదుడి కథ అర్థం కాలేదన్నమాట.

ఇక్కడ మనవాళ్ల సంగతి దాచకుండా చెప్పాలి. దశావతారాల్లో వెన్నెముక జీవుల పరిణామానికి స్థూలమైన పోలిక ఉన్నదని అన్నవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకడు. మార్క్సిస్టు, మహా జీవశాస్త్రజ్ఞుడు. 1957లో భారతదేశానికి వచ్చి గణాంక సంస్థలో చేరి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వరంలో చనిపోయి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల చదువుకు రాసిచ్చినవాడు. కోటా పొరల్లో దొరికిన తొలి స్తన్యజీవికి 1981లో కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు. ఆయన మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అయినా ఆ పోలిక ఆయన నోట వచ్చినా తప్పే. పరిణామాన్ని ఏది ఓడించగలదంటే కేంబ్రియన్ పూర్వపు రాళ్లలో కుందేలు శిలాజం అన్నాడని ప్రసిద్ధి చెందినదీ ఆయనే. ఆ ఒక్క మాట దశావతార పోలికకు చాలిన జవాబు. కుందేలు ఎక్కడ దొరకకూడదో పరిణామవాదం ముందే చెప్పగలదు, అవతారవాదం చెప్పలేదు. ఏ అవతారమూ ఏ పొరలోనూ దొరకకూడదని ఎవరూ పందెం కాయరు.

1948 తర్వాత లైసెంకో పేరు చెప్పి జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని కొట్టిపారేసిన రోజులు కూడా మన శిబిరం చరిత్రలోవే. సాక్ష్యం చూడకుండా పక్షం చూసి శాస్త్రాన్ని నిర్ణయించడంలో ప్రవచనకారుడికీ మనకూ ఆనాడు తేడా లేకపోయింది.

బోరంచలో ఆ రాత్రి నన్ను ఎక్కువ బాధపెట్టింది జనం నవ్వు కాదు. నా విద్యార్థి చెల్లెలు కేంద్ర పాఠ్యప్రణాళిక ఉన్న బడిలో పదో తరగతి చదివింది. "అన్న చెప్పేది మా పుస్తకంలో లేదు సార్, తీసేసిండ్రు" అన్నది. నిజమే. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి విజ్ఞానశాస్త్రంలో 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం నుంచి పరిణామాన్ని తొలగించింది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ ఉపాధ్యాయులూ నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఉన్నది గదా అని సమర్థించారు. ఈ అమ్మాయి లెక్కల గ్రూపు తీసుకున్నది. అంటే జీవితంలో ఒక్కసారైనా ఆ పాఠం తరగతి గదిలో వినే అవకాశం ఆమెకు పోయింది. ఆమెకు మిగిలినవి అరుగు మీది మూడు వాదాలే. వాటిలో అన్న వాదం అన్నిటికంటె బలహీనంగా వినిపించింది, ఎందుకంటే అన్న దగ్గర డార్విన్ పేరున్నది, గుల్ల కథ లేదు.

మన తెలుగు విభాగాల్లో మత్స్యావతారం పాఠం చెప్పేటప్పుడు శతపథం నుంచి పోతన దాకా కథ ఎలా పొరలు వేసుకున్నదో చెప్పడానికి ఒక గంట చాలు. నస్కల్ గురించి చెప్పడానికి మరో అరగంట. ఇది జీవశాస్త్రం వాళ్ల పని అని నేనూ ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. విద్యార్థుల ఇళ్లలో పూజామందిరాలలో ఉండే సాలగ్రామం గండకీనదిలో దొరికే సముద్రజీవి శిలాజమని నేను మొన్న మొదటిసారి తరగతిలో చెప్పాను. ఒకమ్మాయి మర్నాడు దాన్ని పసుపుగుడ్డలో చుట్టి తెచ్చింది. బల్లమీద పెట్టనివ్వలేదు, చేతిలోనే పట్టుకుని చూపించింది. దాని చుట్లు లెక్కపెట్టాం.

బోరంచ గుల్ల నా దగ్గరే ఉన్నది. అది నల్లరాళ్ల నడిమి సుద్దపొరలోనిదో, మంజీర ఒండ్రులో కొట్టుకొచ్చిన నిన్నమొన్నటి గుల్లో, ఎవరో ఎక్కణ్ణుంచో తెచ్చి పడేసిందో ఇప్పుడు చెప్పే వీలు లేదు. పైకి తోడిన రాళ్లన్నీ ఒకే కుప్పలో కలిసిపోయాయి, బావి నీళ్లతో నిండింది. పక్కచేను వాళ్లు వచ్చే ఎండాకాలం కొత్త బావి తవ్విస్తారట. రేగడి ఎన్ని మూరలు, మొరం ఎన్ని మూరలు, నల్లరాయి ఎక్కడ మొదలైంది, మధ్యలో తెల్లమట్టి తగిలిందా అన్నది ఏ రోజుకారోజు రాసిపెట్టమని అన్నకూ చెల్లెలికీ చెప్పి వచ్చాను. రాళ్లను మాత్రం ఈసారి ఒకే కుప్ప పోయవద్దన్నాను.